డిగ్రీ చివరి ఏడాది సొంత ప్రాజెక్ట్: 14 వారాల్లో ఇంత పని అవుతుందా?

మూడో_ఏడు

అందరికీ నమస్తే. బయోమెడికల్ సైన్సెస్ చివరి ఏడాదిలోకి వస్తున్నాను. ఈసారి ల్యాబ్‌లో ఎవరో ఇచ్చిన అంశం కాకుండా నా సొంత ప్రశ్న మీద పని చేయాలని ఉంది. గైడ్ సరే అన్నారు కానీ "ప్రశ్న నువ్వే తెచ్చుకో, రెండు పేజీల్లో రాసి చూపించు" అన్నారు. చేతిలో ఉన్నవి 14 వారాలు.

నా ప్లాన్ ఇదీ. ఒక ఔషధ మొక్క ఆకుల సారం తీసి ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేస్తాను. ఎన్ని కణాలు బతికాయో ఎంటీటీ పరీక్షతో చూస్తాను. కణాలు ఎలా చస్తున్నాయో తెలియడానికి కాస్పేస్-3 (కణం చావులో పనిచేసే ప్రొటీన్) కి వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రొటీన్ ఉందో లేదో గీతగా చూపే పరీక్ష), ఓ ఆరు జన్యువులకి క్యూపీసీఆర్ (అవి ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిచే పద్ధతి), కణాల్లో ఆక్సిజన్ రాడికల్స్ కొలత. టైమ్ మిగిలితే ఎలుకల్లో కూడా.

నా టెన్షన్ ఒక్కటే, ఇది చాలదేమో అని. బ్యాచ్‌లో మిగతావాళ్లవి చాలా పెద్దగా కనిపిస్తున్నాయి. ఇంకేం కలపమంటారు?

అర్ధరాత్రి_జెల్

కలపడమా? తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లో నా పీహెచ్‌డీ రెండేళ్లు ఉంది.

లెక్క వేద్దాం. మొదటి వారం, పది రోజులు సేఫ్టీ ట్రైనింగ్‌కీ, పరికరాలు ఎక్కడున్నాయో తెలుసుకోడానికీ పోతాయి. గడ్డకట్టించి దాచిన కణాలని బయటికి తీస్తే అవి కోలుకుని మామూలుగా పెరగడానికి ఇంకో వారం పైనే. చివర్లో రాయడానికి మూడు వారాలు తీసి పక్కన పెట్టు (రెండు చాలనుకుంటావు, చాలవు). మధ్యలో పరీక్షలు ఉండనే ఉన్నాయి. మిగిలేది ఎనిమిది వారాలు.

ఇప్పుడు ఒక్క ఎంటీటీ చూడు. సోమవారం కణాలు ప్లేట్‌లో వేస్తావు, మంగళవారం సారం వేస్తావు, 48 గంటలు ఆగి గురువారం రీడింగ్ తీస్తావు. ఒక్క ప్లేట్‌కి నాలుగు రోజులు. దాన్ని మూడుసార్లు విడివిడిగా చేయాలి. డోసులు సరిగ్గా కుదరడానికి ముందు ఒకటో రెండో వృథా ప్లేట్లు. అన్నీ సజావుగా జరిగితేనే నెల అయిపోయింది.

ఎలుకల సంగతి మర్చిపో. ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పడుతుంది. రస్సెల్, బర్చ్ 1959 లో చెప్పిన సూత్రాలనే కమిటీలు ఇప్పటికీ పట్టుకుని అడుగుతాయి: జంతువు లేకుండా చేయలేవా, చేయాల్సివస్తే తక్కువ జంతువులతో చేయలేవా, వాటి బాధ తగ్గించలేవా? నీ దగ్గర మొదటి ప్రశ్నకే జవాబు లేదు.

మూడో_ఏడు

తమ్ముడు కాదన్నా, చెల్లెలు 😊 ఎలుకలు కొట్టేశాను. మిగతాది ఉంచుకోవచ్చా?

కణాల_కాపరి

ఉంచుకునే ముందు ఒక మాటమ్మా. ఎంసీఎఫ్-7 లో కాస్పేస్-3 కోసం వెతకొద్దు. అందులో లేదు.

సరదాకి అనడం లేదు. ఆ కణాల్లో కాస్పేస్-3 జన్యువులోంచి 47 బేస్‌ల ముక్క ఒకటి ఎగిరిపోయింది, అందుకని ఆ ప్రొటీన్ అసలు తయారు కాదు. అవి చచ్చిపోతాయి, కానీ వేరే దారిన. నువ్వు బ్లాట్ మీద బ్లాట్ వేస్తూ, బ్యాండ్ రాకపోతే యాంటీబాడీని తిట్టుకుని, ఆ తర్వాత నీ చేతినే అనుమానించుకునేదానివి. ఇంకా ఘోరం ఏంటంటే, మసగ్గా ఏదో గీత కనబడితే అదే కాస్పేస్-3 అని రాసేసేదానివి. అలా రాసినవాళ్లని చూశాను.

కణాల చరిత్ర ముందు చదువు. మనుషుల్లాగే వాటికీ గతం ఉంటుంది. ఎండీఏ-ఎంబీ-435 అనే లైన్‌ని (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాల వంశం) ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు, తీరా చూస్తే అది ఎం14 అనే మెలనోమా (చర్మ క్యాన్సర్) లైన్. 1951 లో హెన్రియెట్టా లాక్స్ అనే క్యాన్సర్ రోగి నుంచి తీసిన హీలా కణాలు ఎన్ని ల్యాబుల్లో ఎన్ని లైన్లలోకి దూరి వాటిని మింగేశాయో అదో పెద్ద కథ. నీ ల్యాబ్‌లో ఉన్న ఎంసీఎఫ్-7 నిజంగా ఎంసీఎఫ్-7 అని డీఎన్‌ఏ పరీక్ష ఎప్పుడు చేయించారో అడుగు. మైకోప్లాస్మా (కల్చర్‌లో దాక్కునే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష ఎప్పుడు చేశారో కూడా. మామూలు బ్యాక్టీరియా వస్తే మీడియం (కణాలు పెరిగే ద్రవం) మసకబారుతుంది, నీకే తెలిసిపోతుంది. మైకోప్లాస్మా అలా కనిపించదు. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్‌కి లొంగదు. కల్చర్ చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, రీడింగులు మాత్రం తప్పుతుంటాయి.

డిగ్రీ అమ్మాయివి, అడగడానికి మొహమాటపడతావు. అడుగు. మంచి ల్యాబ్ అయితే సంతోషిస్తారు.

చుక్క_చుక్క

కాపరి అక్క చెప్పింది చదువుతుంటే నా గాయం మళ్లీ రేగింది. నేను పోయినేడు దాదాపు ఇదే ప్రాజెక్ట్ చేశాను, వేరే మొక్క, వేరే కణాలు.

మొదటి ప్లేట్ రీడింగ్ వచ్చింది. తక్కువ డోసులో 98 శాతం కణాలు బతికి ఉన్నాయి. డోసు పెంచుతుంటే తగ్గాలి కదా? 105, 118, అన్నిటికంటే ఎక్కువ డోసులో 140. క్యాన్సర్‌ని చంపుతుందని తెచ్చిన మొక్క క్యాన్సర్‌కి బలం మందులా పని చేస్తోంది. రెండు రోజులు నిద్ర లేదు. పిపెట్ తప్పేమో అని మళ్లీ చేశాను, 137. "కణాల వృద్ధిని పెంచుతుంది" అని శీర్షిక కూడా మార్చేశాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ఒక సాయంత్రం మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ఎక్కువ డోసు వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) కణాలు గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి. చచ్చాయి. ప్లేట్ రీడర్ మాత్రం 140 శాతం బతికున్నాయంటోంది.

ఎంటీటీ అంటే పసుపు రంగు ద్రవం. బతికున్న కణాలు దాన్ని రిడ్యూస్ చేసి (ఎలక్ట్రాన్లు ఇచ్చి) ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తాయి, వాటిని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. 1983 నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి. కానీ రిడ్యూస్ చేయడానికి కణమే అక్కర్లేదు! విటమిన్ సి చేస్తుంది, క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు చేస్తాయి. నా ఆకు సారం నిండా అవే. యాంటీఆక్సిడెంట్ అని నేనే పొగిడిన గుణం నా పరీక్షని మోసం చేసింది.

కణాలు లేకుండా మీడియం, సారం, ఎంటీటీ మాత్రమే వేసిన మూడు వెల్స్ పెట్టి ఉంటే మొదటి వారంలోనే దొరికిపోయేది. ఆ మూడు వెల్స్ పెట్టలేదు, ఆరు వారాలు పోయాయి.

స్ప్రెడ్‌షీట్_సన్యాసి

అందుకే నేను పిపెట్ వదిలేసి సన్యాసం పుచ్చుకున్నాను. చెల్లెమ్మా, డేటా వైపు రాకూడదూ? జియో (GEO) అనే ఉచిత డేటా భాండాగారంలో 2000 సంవత్సరం నుంచి జన్యు వ్యక్తీకరణ డేటా పోగవుతోంది. టీసీజీఏ అనే క్యాన్సర్ జన్యు డేటా సేకరణలో 33 రకాల క్యాన్సర్లు, 11,000 మందికి పైగా రోగుల నమూనాలు. ఇంక్యుబేటర్ గొడవ లేదు, ఆదివారం కణాలకి మీడియం మార్చే పని లేదు.

సొంత డేటా లేకపోతే సొంత పరిశోధన కాదనేవాళ్లకి నేను స్టర్టెవాంట్ పేరు చెబుతాను. 1911 లో కొలంబియా యూనివర్సిటీలో జన్యు శాస్త్రవేత్త మోర్గాన్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు అతను డిగ్రీ విద్యార్థి. ల్యాబ్‌లో అప్పటికే పోగైన పండ్ల ఈగల సంకరాల లెక్కలు ఇంటికి పట్టుకెళ్లి, కాలేజీ హోంవర్క్ ఎగ్గొట్టి, రాత్రి చాలాసేపు కూర్చుని ఒక క్రోమోజోమ్ మీద జన్యువులు ఏ వరసలో ఉన్నాయో గీశాడు. ప్రపంచంలో మొదటి జన్యు పటం అదే, 1913 లో అచ్చయింది. ఆ రాత్రి అతను కొత్తగా ఒక్క ఈగని కూడా పెంచలేదు. ఉన్న అంకెలని కొత్త ప్రశ్న అడిగాడు, అంతే.

అలాగని ఇక్కడ గోతులు లేవని కాదు. 20,000 జన్యువులని ఒక్కొక్కటిగా పరీక్షించి పి విలువ (తేడా లేకపోయినా ఇలా కనిపించే అవకాశం) 0.05 లోపు ఉన్నవి ఏరితే, అసలు ఏ తేడా లేకపోయినా ఓ వెయ్యి జన్యువులు నీ చేతిలోకి వస్తాయి. అందుకే అలాంటి తప్పుడు ఫలితాలని తగ్గించే బెంజమినీ-హాక్‌బర్గ్ సవరణ. రెండో గొయ్యి, రోగుల నమూనాలన్నీ ఒకరోజు, ఆరోగ్యవంతులవి ఇంకోరోజు యంత్రంలో పెట్టి ఉంటే, నీకు కనిపించే తేడా జబ్బుదో రోజుదో దేవుడికే తెలియాలి. మూడోది ఎక్సెల్. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లని అది తేదీలుగా మార్చేస్తుంది. ఎంత మందిని ముంచిందంటే, చివరికి 2020 లో జన్యువుల పేర్లే మార్చారు, సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని. అప్పుడు సాఫ్ట్‌వేర్ మారలేదు, మనిషి జన్యువు పేరు మారింది!

అర్ధరాత్రి_జెల్

సన్యాసిగారూ, ఆమె సొంత చేత్తో ల్యాబ్ పని నేర్చుకోవాలనుకుంటోంది. ఎవరో తీసిన డేటాలో ఎవరో చేసిన తప్పు కూడా ఉంటుంది, అది మీకు కనపడదు. చుక్క_చుక్క మైక్రోస్కోప్‌లో చూసింది కాబట్టి పట్టుకుంది. అదే 140 శాతం ఒక ఫైల్‌లో అంకెగా వస్తే?

స్ప్రెడ్‌షీట్_సన్యాసి

ఒప్పుకుంటాను. ఆ అంకెతో నేను అందమైన గ్రాఫ్ గీసేవాణ్ని.

పాత_గైడ్

చాలా ఏళ్లు డిగ్రీ ప్రాజెక్టులు నడిపించాను, ఇప్పుడు విశ్రాంతి. నాలుగు మాటలు చెబుతాను.

అమ్మాయీ, "సొంత ప్రాజెక్ట్" అన్నప్పుడు పిల్లలు రెండు రకాలుగా తప్పు పడతారు. ఒకరకం, ఎవరినీ ఏమీ అడగకుండా ఒంటరిగా చేయడమే సొంతం అనుకుంటారు. వాళ్లు పదో వారంలో ఏడుస్తూ నా గదికి వచ్చేవాళ్లు. రెండోరకం, ఎవరూ చేయనంత పెద్దది చేయాలనుకుంటారు. నేను చూసేది అది కాదు. ఈ రీడింగ్ ఎందుకు తీశావు, ఈ కంట్రోల్ (పోల్చడానికి పెట్టే నమూనా) ఎందుకు పెట్టావు, ఫలితం తిరగబడితే ఏమనుకుంటావు, ఈ మూడింటికీ "మా సీనియర్ చెప్పారు" అనకుండా జవాబు చెప్పగలిగితే అది నీ ప్రాజెక్ట్. పిపెట్ ఎవరు పట్టుకోవడం నేర్పినా సరే.

నీ రెండు పేజీల్లో నాకు పద్ధతుల జాబితా వద్దు. ఒకే వాక్యంలో ప్రశ్న, దాని కిందనే "ఇలా వస్తే నా ఊహ తప్పు" అనే వాక్యం. ఆ రెండో వాక్యం రాయలేకపోతున్నావంటే ప్రశ్న ఇంకా పుట్టలేదన్నమాట. ఇప్పుడున్న నీ ప్లాన్‌లో అది లేదు. కణాలు చస్తే మొక్క మంచిదంటావు, చావకపోతే డోసు చాల్లేదంటావు.

చుక్క_చుక్క అనుభవం చదివితే నాకు మెక్లీన్ గుర్తొచ్చాడు. జాన్స్ హాప్‌కిన్స్‌లో రెండో ఏడు వైద్య విద్యార్థి, 1916. గైడ్ హోవెల్ అతనికిచ్చిన పని రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాన్ని శుద్ధి చేయడం. ఇతను పాత బ్యాచులని పారేయకుండా, ఎన్నాళ్లు పనిచేస్తాయో చూద్దామని మళ్లీ మళ్లీ పరీక్షించాడు. కాలేయం నుంచి తీసిన పదార్థానికి గడ్డకట్టించే గుణం పోవడమే కాదు, గడ్డకట్టకుండా ఆపే గుణం పైకి తేలింది. గైడ్ నమ్మలేదు. మెక్లీన్ తర్వాత చెప్పుకున్న ప్రకారం, ఒక బీకర్ పిల్లి రక్తంలో అది కలిపి హోవెల్ బల్ల మీద పెట్టి "ఇది గడ్డకట్టినప్పుడు నన్ను పిలవండి" అన్నాడట. అది గడ్డకట్టలేదు. రెండేళ్ల తర్వాత హోవెల్ హెపారిన్ అనే పేరు పెట్టాడు. పేరు ఎవరిదన్న గొడవ తర్వాత చాలాకాలం నడిచింది, అది వేరే సంగతి.

చుక్క_చుక్క, నీ 140 శాతం కూడా అలాంటి బీకరే. దాన్ని నువ్వు తప్పు అనుకున్నావు. నేనైతే దాన్నే ప్రశ్న చేసుకోమనేవాణ్ని.

మూడో_ఏడు

మూడు రోజులుగా ఈ చివరి లైన్ దగ్గరే ఆగిపోయాను సర్. చుక్క_చుక్క అనుమతిస్తే దాన్నే నా ప్రశ్న చేసుకుంటాను.

కొత్త ప్లాన్: "నా ఆకు సారం కణాలు లేకుండానే ఎంటీటీని ఊదారంగుకి మారుస్తుందా? మారిస్తే, ఎంటీటీ వేసే ముందు సారాన్ని కడిగేస్తే ఆ తప్పు పోతుందా?" ఇలా వస్తే నా ఊహ తప్పు: కణాల్లేని వెల్స్ పసుపుగానే ఉండిపోతే. అదే డోసులకి ఎస్‌ఆర్‌బీ పరీక్ష కూడా చేసి రెండూ పోలుస్తాను. ఎస్‌ఆర్‌బీ కణాల్లోని ప్రొటీన్‌కి అంటుకునే రంగు, రిడక్షన్‌తో దానికి పని లేదు. వెస్టర్న్, క్యూపీసీఆర్ అన్నీ తీసేశాను. ఇప్పుడు ప్లాన్ మరీ బక్కగా కనిపిస్తోంది.

చుక్క_చుక్క

అనుమతా? నా ఆరు వారాలకి ఇన్నాళ్లకి విలువ వచ్చింది. తీసుకో.

కణాల_కాపరి

బక్కగా లేదు, నడుం కనిపిస్తోంది.

కొన్ని చిల్లర విషయాలు. 96 వెల్స్ ప్లేట్‌లో అంచు వెల్స్ తొందరగా ఆవిరైపోయి రీడింగ్ తేడా వస్తుంది. బయటి వరుసల్లో ఉత్త బఫర్ పోసి లోపలి 60 మాత్రమే వాడు. సారాన్ని డీఎంఎస్‌ఓలో కరిగిస్తున్నావు కదా, అన్ని వెల్స్‌లోనూ డీఎంఎస్‌ఓ శాతం ఒకటే ఉండాలి, సారం లేని కంట్రోల్‌తో సహా. ఎక్కువ డోసుకి ఎక్కువ డీఎంఎస్‌ఓ పడితే కణాల్ని చంపింది ఆకో ద్రావకమో తెలీదు. కణాల్లేని వెల్స్‌లో ఒక వరుస విటమిన్ సి వేయి, అది కచ్చితంగా ఊదా రావాలి. రాకపోతే నీ ఎంటీటీయే పాడైందన్నమాట.

ఎస్‌ఆర్‌బీని కూడా గుడ్డిగా నమ్మకు. ఆకుల్లో టానిన్లు ఉంటే అవి మీడియంలోని సీరం ప్రొటీన్‌ని పట్టుకుని అడుగున పేరుస్తాయి, రంగు దానికీ అంటుతుంది. దీనికీ కణాల్లేని వెల్స్ పెట్టు. ఎస్‌ఆర్‌బీతో ఒక సుఖం, యాసిడ్‌తో ఫిక్స్ చేసి ఆరబెట్టిన ప్లేట్ దాచుకుని తీరిగ్గా రంగు వేసుకోవచ్చు. పరీక్షల వారంలో పనికొస్తుంది.

ఆఖరిది, ప్లేట్ మీద పేరు మూత మీద రాయకు. ప్లేట్ పక్క మీద రాయి. ఎందుకో అడగకు.

కొత్త_బెంచ్

నేను రెండో ఏడు, చదువుతూ నేర్చుకుంటున్నా. ఒక సందేహం. ఒక్కో డోసుకి మూడు వెల్స్, మూడు ప్లేట్లు అంటే తొమ్మిది రీడింగులు. n = 9 (విడివిడి ప్రయోగాలు తొమ్మిది) అని రాయొచ్చా?

పాత_గైడ్

రాయకూడదు నాయనా, ఎగ్జామినర్ మొదట పట్టుకునేది అక్కడే. ఒకే ప్లేట్‌లో పక్కపక్కనున్న మూడు వెల్స్ ఒకే సీసాలోని కణాలు, ఒకే రోజు, ఒకే చెయ్యి. అవి నీ పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతాయి. వాటి సగటు తీస్తే ఒక్క అంకె. వేరే రోజు, వేరే పాసేజ్ (విడిగా పెంచిన తరం) కణాలతో, సారం డోసులు కొత్తగా కలిపి మళ్లీ చేస్తే రెండో అంకె. మూడు రోజులకి n = 3. తొమ్మిది అని వేస్తే పి విలువ అందంగా చిన్నదైపోతుంది, అది అబద్ధం.

కొత్త_బెంచ్

థాంక్యూ సర్. ఇంకొకటి, రోజూ పని నేర్పేది పీహెచ్‌డీ అన్న. పేపర్ వస్తే పేరు ఎవరిది?

అర్ధరాత్రి_జెల్

అన్నది 😄 కాదులే. వైద్య పత్రికల సంపాదకుల సంఘం నియమం ప్రకారం ఆలోచనలో గానీ డేటాలో గానీ గట్టి పాత్ర ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో పాలుపంచుకోవాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, పనికి బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉండాలి. డిగ్రీ విద్యార్థి అయినా ఈ నాలుగూ ఉంటే పేరు ఉంటుంది. ఈ మాట మొదటి వారంలో, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే అడుగు. చివర్లో అడిగితే మొహాలు మారతాయి.

మూడో_ఏడు

11వ వారం. బతికే ఉన్నాను.

ముందు చెడ్డ వార్త. మైకోప్లాస్మా పరీక్ష అడిగాను, అక్క చెప్పినట్టే. పాజిటివ్. ల్యాబ్ మొత్తం ఆ కణాలు పారేసి, వెనకటి స్టాక్ బయటికి తీసి, అది శుభ్రంగా ఉందని తేలేదాకా రెండు వారాలు నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నన్ను తిడతారనుకున్నా, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రెండు వారాల్లో కణాలు అక్కర్లేని వెల్స్ అన్నీ చేసేశాను.

ఎంటీటీ వేసిన అరగంటకి ఇంక్యుబేటర్ తలుపు తీశాను. విటమిన్ సి వరుస ముదురు ఊదా. దాని పక్కన నా సారం, ఎడమ నుంచి కుడికి పసుపు, మురికి పసుపు, లేత ఊదా, ఊదా. ఒక్క కణం కూడా లేని ప్లేట్ అది. ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో, వెనక నుంచి "తలుపు వెయ్" అని ఎవరో అరిచారు.

తర్వాత కణాలతో మూడు రోజులు, మూడు ప్లేట్లు, n = 3. కడగకుండా ఎంటీటీ చేస్తే పై డోసులో కణాలన్నీ క్షేమం. ముందు రెండుసార్లు కడిగి చేస్తే బాగా తగ్గాయి, కానీ ఎస్‌ఆర్‌బీ చూపించినంత తగ్గలేదు. అంటే కడిగినా తప్పు కొంత మిగిలిపోతోంది. లేదా కణాల్లోకి వెళ్లిపోయిన సారం అక్కడే పని చేస్తోందేమో. ఇది తేల్చడానికి టైమ్ లేదు, చర్చలో రాస్తాను.

స్ప్రెడ్‌షీట్_సన్యాసి

కడగడంలో వదులుగా ఉన్న కణాలు కూడా కొట్టుకుపోయి ఉండొచ్చు కదా? అప్పుడు కడిగిన ఎంటీటీలో తగ్గినట్టు కనిపించినదాంట్లో కొంత ఆ ఖాతాలోది.

మూడో_ఏడు

అయ్యో. సారం లేని కంట్రోల్ వెల్స్‌ని కడిగినవీ కడగనివీ రెండూ పెట్టాను, వాటిలో తేడా పెద్దగా లేదు. కానీ చావబోతున్న కణాలు మామూలు కణాలకంటే వదులుగా ఉంటాయి కాబట్టి మీ మాట కొట్టేయలేను. పరిమితుల్లో రాస్తాను అన్నా.

కణాల_కాపరి

బాగుంది. ప్లేట్ల మీద పేరు ఎక్కడ రాశావు?

మూడో_ఏడు

అక్కా, అది అడగకుండా ఉంటారేమో అనుకున్నాను.

మూత మీద రాశాను. రెండో రోజు, మూడో రోజు ఎస్‌ఆర్‌బీ ప్లేట్లు ఒకేసారి కడుగుతూ మూతలు పక్కన పెట్టాను, మళ్లీ పెట్టేటప్పుడు ఏది ఏదో తెలియలేదు. చెమటలు పట్టాయి. నోట్‌బుక్ తీసి చూస్తే, రెండో రోజు కణాల్లేని వెల్స్ ఎడమ చివర పెట్టాను, మూడో రోజు అంచు ప్రభావం చూద్దామని కుడి చివరకి మార్చాను. రంగు లేని వరుస ఎటు ఉందో చూసి గుర్తుపట్టాను.

కణాల_కాపరి

నేనైతే నా ప్లేట్లు పారేయాల్సి వచ్చింది. నావన్నీ ఎడమవైపే ఉండేవి.